అవరంత పసాదకులు: పడమటి తీరంలో ధర్మప్రసంగం

ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 14వ రాజ్యసంవత్సరంలో బోధిసిరి అనే ఉపాసిక విజయపురికి తూర్పున, శ్రీపర్వతం మీద, చుళధమ్మగిరి విహారంలో ఒక చైత్యగృహం కట్టించింది. ఆ గృహాన్ని ఆమె తామ్రపర్ణి థేరవాద ఆచార్యులకు సమర్పించింది. నాగార్జునకొండలో లభించిన ఈ క్రీ.శ. 3వ శతాబ్దపు శాసనాన్ని వోగెల్ ఎపిగ్రాఫియా ఇండికా 20వ సంపుటంలో ప్రకటించాడు. అందులో ఒక పొడవైన సమాసం ఉంది. కాశ్మీరం, గాంధారం, చీనా, కిరాత దేశం, తోసలి, అపరాంతం, వంగం, వనవాసి, యవన దేశం, ద్రవిడం, పలూరు, తామ్రపర్ణి ద్వీపం అని వరుసగా దేశాల పేర్లు చెప్పి, ఆ దేశాలకు 'పసాదకులు' అయిన థేరులు అని ఆ ఆచార్యులను శాసనం కీర్తిస్తుంది. అపరాంతాన్ని శాసన ప్రాకృతం 'అవరంత' అంటుంది.

ఈ 'పసాదకులు' అనే మాటను మతం మార్చినవారు అని అనువదించిన పండితులున్నారు, సంతోషపెట్టినవారు అన్నవారూ ఉన్నారు. రెండర్థాలూ కొంత దూరంలోనే ఆగిపోతున్నాయి. పసాదం అంటే తేరుకోవడం, బురద అడుగుకు దిగి నీరు నిర్మలం కావడం. సైన్యం దాటి కలచివేసిన వాగులో వేయగానే నీటిని తేటపరచే మణిని మిలిందపఞ్హ శ్రద్ధకు ఉపమానంగా చెబుతూ, దానిని ఇదే మాటతో 'ఉదకప్పసాదక మణి' అని పిలిచింది. తెలుగు పల్లెల్లో చెరువు నీటిని తేర్చడానికి చిల్లగింజను కుండ లోపల అరగదీసేవారు. గింజ చేసే పనీ అదే. నీటిలో ఉన్న మడ్డిని అది అడుగుకు దించుతుంది. ప్రసంగకర్తను కొలవడానికి బోధిసిరి శాసనం ఎంచుకున్న కొలమానం ఇది. ఎంతమంది విన్నారని గాని, ఎంతమంది చేరారని గాని అది లెక్క చెప్పలేదు.

ఆంధ్ర శిల మీద పేరు చెక్కించుకున్న ఆ అవరంతం ఎక్కడిది? దాని ఉత్తరపు హద్దును పండితులు తలా ఒక చోట గీస్తారు. శూర్పారకం, అంటే నేటి సోపారా, దాని ముఖ్య పట్టణమన్న విషయంలో మాత్రం పెద్ద వివాదం లేదు. ముంబై నుంచి వడోదర వెళ్ళే రైలు మార్గంలో నాలాసోపారా దాటి 200 కిలోమీటర్లకు పైగా ఉత్తరానికి పోతే తాపీ నది వస్తుంది. నది దాటగానే ఉత్రాణ్, ఆ తరువాత కోసాడ్. మరికొంత ముందుకు పోతే నర్మద ఒడ్డున భరూచ్, ప్రాచీన భరుకచ్ఛం. నేడు సూరత్ నగరంలో కలిసిపోయిన కోసాడ్ పేరు పాళీ గ్రంథాలలో కనిపించదు. దానికి అటూ ఇటూ ఉన్న రెండు రేవులు మాత్రం ధర్మప్రసంగ చరిత్రలో తప్పించలేని స్థలాలు. వర్తకులు, ఓడలు, పరదేశీయులు, అపరిచితులను తేలికగా నమ్మని జనం, ఇదీ ఈ తీరం. ఇక్కడ నోరు విప్పవలసి వచ్చిన ముగ్గురి కథలు మిగిలాయి. మూడింటిలోనూ ప్రసంగం కన్నా ప్రసంగకర్త సిద్ధపడిన తీరుకే ఎక్కువ చోటు దక్కింది.

మొదటివాడు పుణ్ణుడు. మజ్ఝిమ నికాయంలో 145వదైన పుణ్ణోవాద సుత్తం అతనిది. ధర్మకథికులలో అగ్రుడని బుద్ధుడు పేర్కొన్న మంతానిపుత్త పుణ్ణుడు ఇతడు కాడు, అతడు శాక్యదేశం వాడు. ఈ పుణ్ణుడు సునాపరాంతం వాడనీ, వర్తకం కోసం బిడారుతో శ్రావస్తికి వచ్చి బుద్ధుని ఉపదేశం విని భిక్షువైనాడనీ అట్ఠకథ చెబుతుంది. సొంత ఊరికి తిరిగి వెళ్ళి అక్కడే ఉండాలని అతని కోరిక. బుద్ధుడు ఇంద్రియాల గురించి కొద్ది మాటలలో ఉపదేశమిచ్చి, ఎక్కడికి వెళతావని అడుగుతాడు. సునాపరాంతమని తెలిసిన తరువాత ప్రశ్నలు మొదలవుతాయి. అక్కడి జనం కఠినులు, నిన్ను తిడితే ఏమనుకుంటావు? చేతితో కొట్టకుండా తిట్టి వదిలారు, మంచివారే అనుకుంటానంటాడు పుణ్ణుడు. చేతితో కొడితే? మట్టిగడ్డలతో కొట్టలేదు గదా అనుకుంటాను. అలా మట్టిగడ్డ, కర్ర, కత్తి, చివరకు ప్రాణహాని దాకా ఆరు మెట్లు. చివరి మెట్టు దగ్గర పుణ్ణుడు చెప్పిన జవాబు వినేవారిని ఇప్పటికీ ఉలిక్కిపడేలా చేస్తుంది: దేహం మీద విరక్తితో తమను చంపేవారిని వెతుక్కున్న శిష్యులున్నారు, నాకు వెతకకుండానే దొరికినట్లు భావిస్తాను. ఈ దమం, ఈ ఉపశమం ఉన్నవాడివి గనుక అక్కడ నివసించగలవని బుద్ధుడు అనుమతిస్తాడు.

తరువాతి కథను సుత్తం రెండు మూడు వాక్యాలలో ముగిస్తుంది. ఆ వర్షావాసంలోనే 500 మంది ఉపాసకులు, 500 మంది ఉపాసికలు ఏర్పడ్డారు, పుణ్ణుడు మూడు విద్యలు సాధించాడు, కొంతకాలానికి పరినిర్వాణం చెందాడు. అతడు ఆ జనానికి ఏం చెప్పాడో సుత్తంలో ఒక్క వాక్యమైనా లేదు. ఇది లేఖకుల మరపు అనుకోవడం కష్టం, ఎందుకంటే ప్రయాణానికి ముందరి ఆరు ప్రశ్నలలో ఒక్కటి కూడా వారు వదలలేదు. ఏ ఉపమానం వాడతావు, ఏ సూత్రంతో మొదలుపెడతావు అని బుద్ధుడు అడగలేదు. సభ ఎదురు తిరిగితే నీ మనస్సు ఎక్కడ నిలుస్తుంది అని అడిగాడు. తిట్టినవాడి మీద కోపం రాని వక్తకు తన మాటను కాపాడుకునే అవసరం ఉండదు, అందువల్ల ఎదుటివాడి మాట వినే తీరిక ఉంటుంది. పుణ్ణుని విజయానికి సుత్తం చెప్పకుండా చెప్పిన కారణం ఇదే కావచ్చు.

రెండవవాడు ఈ తీరానికి పరాయివాడు. అశోకుని కాలంలో మూడవ సంగీతి ముగిశాక మొగ్గలిపుత్త తిస్సుడు తొమ్మిది ప్రాంతాలకు థేరులను పంపాడని మహావంశం 12వ పరిచ్ఛేదం చెబుతుంది. ఎవరు ఎక్కడికి వెళ్ళారన్నదానితో పాటు ఎవరు ఏ సూత్రం చెప్పారన్నది కూడా ఆ గ్రంథం భద్రపరచింది, బౌద్ధ ప్రసంగ చరిత్రకు అది అపురూపమైన పట్టిక. నాగులకు వెరచే కాశ్మీర గాంధారాలలో మజ్ఝంతికుడు విషసర్పాల ఉపమానమున్న ఆసీవిసూపమ సుత్తం చెప్పాడు. లంకలో మహిందుడు వేటకు వచ్చిన రాజుకు ఏనుగు అడుగుజాడల ఉపమానమున్న చూళహత్థిపదోపమ సుత్తం వినిపించాడు. అంతకు ముందు ఒక మామిడి చెట్టును చూపి, ఇదేమి చెట్టు, ఇది కాక వేరే మామిడి చెట్లున్నాయా, మామిళ్ళు కాని చెట్లున్నాయా, అవీ ఇవీ కాక మరొకటి ఉందా అని అడిగి, చివరి ప్రశ్నకు 'ఈ మామిడి చెట్టే' అని రాజు చెప్పేదాకా ఉపదేశం మొదలుపెట్టలేదు. విననున్న బుద్ధి ఎంత లోతో చూసుకున్న తరువాతే మాట.

ఈ పట్టిక సంఘటనలు జరిగిన ఏడెనిమిది శతాబ్దాలకు కూర్చినది, దీనిని చరిత్రగా ఎంతవరకు గ్రహించాలన్న సందేహం న్యాయమైనదే. అయితే హిమవంతానికి వెళ్ళిన మజ్ఝిముడు, కస్సపగోత్తుల పేర్లు సాంచీ, సోనారి స్తూపాల ధాతుకరండాల మీద దొరికాయి. పేర్ల విషయంలో సంప్రదాయానికి ఆధారం ఉన్నదనడానికి అది చాలు. సంఖ్యలను మఠ చరిత్రకారుల సంఖ్యలుగానే తీసుకోవాలి.

అపరాంతానికి వెళ్ళినవాడు యోన ధమ్మరక్ఖితుడు, యవనుడు. అతడు జనం మధ్య నిలిచి చెప్పింది అగ్గిక్ఖంధోపమ సుత్తం, అగ్నిరాశి ఉపమానం. 37,000 మంది ధర్మామృతం తాగారనీ, క్షత్రియ కుటుంబాల నుంచే 1000 మంది పురుషులు, అంతకు మించిన సంఖ్యలో స్త్రీలు సంఘంలో చేరారనీ మహావంశం అంటుంది. ఆ సుత్తం తెలిసిన భిక్షువులకు ఈ ఎంపిక వింతగా తోచక మానదు. అంగుత్తర నికాయంలోని ఆ సూత్రాన్ని బుద్ధుడు గృహస్థులకు చెప్పలేదు, కోసలలో దారి పక్కన మండుతున్న మంటను చూపి భిక్షువులకు చెప్పాడు. శీలం తప్పిన భిక్షువు దాతలిచ్చిన చీవరం కప్పుకోవడం కన్నా కాలిన ఇనుప రేకు చుట్టుకోవడం మేలు, శ్రద్ధతో పెట్టిన అన్నం తినడం కన్నా ఎర్రగా కాలిన ఇనుప ముద్ద మింగడం మేలు, విహారంలో నివసించడం కన్నా మరిగే లోహకుంభిలో పడడం మేలు అని దాని సారాంశం. విన్నప్పుడు 60 మంది భిక్షువులు వేడి నెత్తురు కక్కారు, 60 మంది చీవరం విడిచి వెళ్ళారు, 60 మంది విముక్తులయ్యారు. ఇంత భయంకరమైన మాటను, అదీ భిక్షువుల కోసం చెప్పిన దానిని, ఒక పరదేశీయుడు కొత్త సభలో గృహస్థుల ముందు ఎందుకు ఎత్తుకున్నాడు?

శూర్పారకం వంటి రేవులో కాషాయం కట్టిన అపరిచితుణ్ణి చూసి జనం మొదట అడిగే ప్రశ్న ఒకటే: ఇతడు మన తిండి తినడానికి వచ్చాడా? ధమ్మరక్ఖితుడు ఆ ప్రశ్నను తప్పించుకోలేదు. వారు మనసులో అనుకుంటున్నదానిని తానే పైకి తీశాడు, తన చీవరానికి, తన భిక్షాపాత్రకు తగులుతున్న నిప్పును వారికి చూపాడు. మీరు పెట్టే అన్నానికి నేను తగినవాణ్ణి కాకపోతే అది నాకు ఇనుప ముద్ద అని గృహస్థులకు చెప్పిన భిక్షువు, తనను పరీక్షించే అధికారాన్ని వారి చేతికి ఇచ్చాడు. ఉపమానంలోని అగ్ని శ్రోతల మీదికి పోలేదు, వక్త మీదనే మండింది. సంఘం తన ఆచారాన్ని దాతలకు చెప్పుకోవడం మర్యాద కాదనుకునేవారికి ఈ వివరణ రుచించకపోవచ్చు. మహావంశం మాత్రం ఆ ప్రసంగం జనం మధ్యనే జరిగిందని స్పష్టంగా చెప్పింది.

అగ్గిక్ఖంధోపమానికి ఒక అనంతర కథ ఉంది, ప్రసంగాలు చేసే భిక్షువులు దానిని తరచుగా మరచిపోతారు. ఆ సుత్తం తరువాత చాలామంది భిక్షువులు జంకి సంఘం విడిచారనీ, పక్షం రోజుల ఏకాంతం ముగించి వచ్చిన బుద్ధుడు సంఘం పలచబడడం గమనించి అచ్ఛరాసంఘాత సుత్తం చెప్పాడనీ అట్ఠకథ అంటుంది. చిటిక వేసినంతసేపు మైత్రీచిత్తాన్ని భావించిన భిక్షువు కూడా దేశం పెట్టిన భిక్షను వృథాగా తిననివాడే అని దాని సందేశం. మొదటి సూత్రంలోనిదీ అన్నమే, రెండవ సూత్రంలోనిదీ అన్నమే. కాలిన ముద్దగా చూపిన దానిని చిటికెడు మైత్రితో తినదగినదిగా చేశాడు. తన మాట ఎవరిని ఎక్కడ గాయపరచిందో తిరిగి వచ్చి చూసుకోవడం కూడా ప్రసంగంలో భాగమని అట్ఠకథాకారులు భావించారు.

మూడవవాడు కోసాడ్‌కు ఉత్తరాన, భరుకచ్ఛంలో పుట్టిన వడ్ఢుడు. అతని గాథలు థేరగాథలలోనూ, అతని తల్లి పేర ఉన్నవి థేరీగాథలలోనూ ఉన్నాయి. కొడుకు చిన్నవాడిగా ఉండగానే తల్లి అతణ్ణి బంధువులకు అప్పగించి భిక్షుణి అయింది. తరువాత అతడూ భిక్షువై, బుద్ధవచనం నేర్చి, బహుశ్రుతుడైన ధమ్మకథికుడైనాడని అట్ఠకథ. ఒకనాడు అతడు పై చీవరం లేకుండా ఒంటరిగా భిక్షుణుల ఆవాసానికి తల్లిని చూడబోతే ఆమె మందలించింది. సభలను మెప్పించగల వాడికి సభ్యత చెప్పవలసి వచ్చింది. ఆ మందలింపును వడ్ఢుడు ములుకోలతో పోల్చుకున్నాడు, దాని పోటుకు కలిగిన కలవరమే అతణ్ణి అర్హత్వానికి చేర్చింది. ఎన్నో ప్రసంగాలు చేసినవాని కథలో అతని ప్రసంగం ఒక్కటీ మిగలలేదు, అతడు విన్న ఒక్క ప్రసంగం మిగిలింది. దానికి శ్రోత ఒక్కడే, వక్త అతని తల్లి.

సిద్ధపాటు ఇంత లోతైనదైతే, పలికే తీరును గురించి పాళీ సంప్రదాయం చెప్పింది ఆశ్చర్యపరచేంత లౌకికంగా ఉంటుంది. మజ్ఝిమ నికాయంలోని అరణవిభంగ సుత్తం తొందరపడి మాట్లాడవద్దంటూ కారణాలు చూపుతుంది: దేహం అలుస్తుంది, మనస్సు కలత పడుతుంది, స్వరం దెబ్బతింటుంది, గొంతు పాడవుతుంది, మాట అర్థం కాదు. ఇవి వేదికల మీద అలసినవారు చెప్పగల సంగతులు. అదే సుత్తం ప్రాంతీయ పదాల మీద పట్టుదల వద్దంటుంది. భిక్షాపాత్రను ఒక జనపదంలో పాతి అంటారు, ఒకచోట పత్త, మరొకచోట సరావ, ఇంకొకచోట పోణ అని పేర్లు చెప్పి, ఏ ఊరిలో ఏ మాట వాడుతున్నారో ఆ మాటనే ఎలాంటి మొండిపట్టూ లేకుండా వాడమంటుంది. చుల్లవగ్గంలో ఇద్దరు బ్రాహ్మణ భిక్షువులు బుద్ధవచనాన్ని ఛందస్సులోకి ఎక్కించమని కోరితే బుద్ధుడు నిరాకరించి 'సకాయ నిరుత్తియా', అంటే సొంత పలుకులో, నేర్చుకోమన్నాడు. ఎవరి సొంత పలుకు అన్నదానిపై బుద్ధఘోషుడు ఒకటి అన్నాడు, ఆధునికులు పలువురు మరొకటి అంటారు. అరణవిభంగంతో కలిపి చదివితే శ్రోత పలుకు వైపే మొగ్గు కనిపిస్తుంది.

నేటి తాపీ తీరంలో ఈ సంగతి పుస్తక విషయం కాదు. తెలంగాణ నుంచి వెళ్ళిన పద్మశాలి నేత కుటుంబాలు సూరత్‌లో, ముఖ్యంగా లింబాయత్ వైపు, తరతరాలుగా ఉన్నాయి. కోసాడ్‌ను ఆనుకొని ఉన్న అమ్రోలీ మరమగ్గాలలో గంజాం నుంచి వచ్చిన ఒడియా కార్మికులు చాలామంది. వారితో పాటు గుజరాతీ, మరాఠీ, హిందీ మాట్లాడేవారు. భిక్షాపాత్రకు పలు పేర్లు చెప్పిన సుత్తానికి ఇంతకన్నా తగిన సభ దొరకదు. పన్నెండు గంటలు మగ్గం చప్పుడు మధ్య నిలబడి వచ్చిన మనిషికి నింపాదిగా, గొంతు చించుకోకుండా చెప్పమన్న సలహా కూడా అక్కడ కొత్త అర్థం పొందుతుంది.

కంఠమాధుర్యం విషయంలో సంప్రదాయానికి రెండు మనసులు. అవంతి నుంచి వచ్చిన సోణ కుటికణ్ణుడు జేతవనంలో వేకువజామున అట్ఠకవగ్గాన్ని స్వరంతో వల్లించినప్పుడు, స్పష్టమైన, తడబాటు లేని, అర్థం తెలియజేసే పలుకు అని బుద్ధుడు మెచ్చుకున్నాడు. అదే వినయపిటకం సాగదీసిన పాట బాణీలో ధర్మం చెప్పడాన్ని నిషేధించింది. అలా చేస్తే చెప్పేవాడు తన స్వరం మీదే మోజు పడతాడు, వినేవారు కూడా స్వరానికే చిక్కుకుంటారు, వెనక వచ్చేవారు దానినే అనుకరిస్తారు. గొడుగు పట్టుకున్నవాడికి, ఆయుధం పట్టినవాడికి, పడుకున్నవాడికి, తనకన్నా ఎత్తు పీఠం మీద కూర్చున్నవాడికి, వారు రోగులైతే తప్ప, ధర్మం చెప్పవద్దనే 16 సేఖియ నియమాలు భిక్షువులకు తెలిసినవే. కౌశాంబిలో పెద్ద గృహస్థ సభకు ఉదాయి ప్రసంగిస్తున్నాడని ఆనందుడు చెప్పినప్పుడు, ఇతరులకు ధర్మం చెప్పడం తేలిక కాదని బుద్ధుడు అయిదు షరతులు పెట్టాడు: వరుస తప్పకుండా, కారణం చూపుతూ, కరుణతో, లాభాపేక్ష లేకుండా, తననూ పరులనూ నొప్పించకుండా చెప్పాలి. వీటిలో నాలుగవది ధమ్మరక్ఖితుడు శూర్పారకంలో తన మీదే వేసుకున్న పరీక్ష.

సోపారాలో 1882లో భగవాన్‌లాల్ ఇంద్రజీ కనుగొన్న శిలా శకలం మీద అశోకుని 8వ ధర్మలిపి భాగం ఉంది. విహారయాత్రల స్థానంలో ధర్మయాత్రలు మొదలుపెట్టానని ఆ లిపిలో రాజు చెబుతూ, జనపదాల ప్రజలను చూడడం, వారికి ధర్మం బోధించడం, ధర్మం గురించి ప్రశ్నించడం అనే మూడు పనులను జంటగా పేర్కొంటాడు. చూడడం మొదట, చెప్పడం తరువాత, చెప్పగానే ప్రశ్నోత్తరం. గుజరాత్‌లోని గిర్నార్‌లోను, కర్నూలు సీమలోని ఎర్రగుడిలోను ఉన్న 12వ ధర్మలిపి మరింత సూటిగా వాక్సంయమాన్ని కోరుతుంది, సందర్భం లేకుండా తన మతాన్ని పొగడవద్దు, పరమతాన్ని తెగడవద్దు అంటుంది. పడమటి తీరానికీ ఆంధ్రదేశానికీ ఒకే రాజు ఒకే మాట చెక్కించాడు.

ఆంధ్రదేశంలో ఆ మాటను వృత్తిగా మోసినవారి ఆనవాళ్ళు నాగార్జునకొండ మహాచైత్య స్తంభాల మీద ఉన్నాయి. దీఘ, మజ్ఝిమ నికాయాలను, పంచమాతుకలను బోధించే, వల్లించే ఆచార్యుల పరంపర అక్కడ ప్రస్తావనకు వస్తుంది. ఆ ఆచార్యుల శిష్యుడు, రెండు నికాయాలను ధరించిన భదంత ఆనందుడు నవకర్మను నడిపించాడు. గ్రంథం చేతిలో కాక నోటిలో ఉన్న కాలమది. ప్రసంగించేవాడు ముందు ఏళ్ళ తరబడి మరొకరి మాటను అక్షరం పొల్లుపోకుండా మోయాలి, ఆ తరువాతే తన మాట.

బోధిసిరి శాసనం తన పని చేయించిన వారి పేర్లు చెబుతుంది. నవకర్మను చూసిన చందముఖ థేరుడు, ధమ్మనంది థేరుడు, నాగ థేరుడు, రాయి చెక్కిన విధికుడు అందులో ఉన్నారు. అవరంతాన్ని తేటపరచిన పసాదకులలో ఒక్కరి పేరూ లేదు. పడమటి కనుమల్లోని కార్లే చైత్యంలో ఒక స్తంభం మీద మాత్రం అలాంటి పేరు ఒకటి దొరుకుతుంది: సోపారాకు చెందిన ధమ్ముత్తరీయుల భాణకుడు, సాతిమితుడు. ఆ స్తంభం అతని దానం.